ఉల్టా మర

మెట్టుగూడ సిగ్నల్ దగ్గర రోజూ ఆగే ఆటోవాళ్లకు యుగంధర్ పేరు తెలియదు గానీ మనిషి తెలుసు. పొద్దున ఏడూ నలభైకి వచ్చేవాడు. నలభై మూడేళ్ల మనిషి, బట్టతల మీద హెల్మెట్, వీపున బ్యాగు, అందులో టిఫిన్ డబ్బా, మడత పెట్టిన ఇస్త్రీ చొక్కా. ఎర్రలైటు పడితే సైకిల్ మీద ఉన్నవాడెవడైనా కాలు కింద పెడతాడు కదా, ఈయన పెట్టేవాడు కాదు. ముందు చక్రాన్ని కాస్త పక్కకు తిప్పి, పెడల్‌ను వేలెడంత ముందుకూ వేలెడంత వెనక్కీ ఆడిస్తూ, పచ్చలైటు వచ్చేదాకా సైకిల్ మీదే నిలబడి ఉండేవాడు. "ఇయ్యాల పడ్తడు చూడు" అని ఒక ఆటోవాడు రెండేళ్లు పందెం కాశాడట. పాపం, ఒక్కసారీ గెలవలేదు.

ఆ సైకిల్ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఈ కథ తలకెక్కదు. మామూలు సైకిల్ మీద మనం తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, వెనక నుంచి టిక్ టిక్ మని కూత వినిపిస్తుంది. అది ఫ్రీవీల్ పుణ్యం. యుగంధర్ బండికి ఆ పుణ్యం లేదు. వెనక పళ్లచక్రం చక్రానికే బిగిసి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరగాలి, పెడళ్లు తిరిగినంతసేపూ కాళ్లు తిరగాలి. ఎక్కుడైనా అంతే, దిగుడైనా అంతే. ఆపాలంటే కాళ్లతోనే వెనక్కి బిగబట్టాలి. ఇలాంటి బండ్లవాళ్లలో కొందరు బ్రేకులు కూడా పీకేసి తిరుగుతారు. అదొక పిచ్చి. యుగంధర్‌కు ఆ పిచ్చి పట్టి ఎనిమిదేళ్లు.

వెనక్కి బిగబట్టినప్పుడు ఆ పళ్లచక్రం ఊడిపోకుండా దాని మీద సన్నటి ఇనుప రింగు ఒకటి ఉంటుంది. దాని మర ఉల్టా. చక్రం కుడిపక్కన ఉండే తక్కిన నట్లన్నీ కుడికి తిప్పితే బిగుస్తాయి, ఇదొక్కటి ఎడమకు తిప్పితేనే బిగుస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తు పెట్టుకోండి, చాలు.

యుగంధర్ ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్లు చేస్తాడు. డాక్టర్లు పంపిన అచ్చులు ముందు పెట్టుకుని, వెంట్రుకవాసి తేడా రాకుండా ఒక్కో పన్నూ అరగదీస్తాడు. పొద్దంతా వంచిన మెడ ఎత్తడు. అందుకే కాబోలు, రానూపోనూ ఆ పది పది కిలోమీటర్లే తన సొంతం అనుకునేవాడు. బన్సీలాల్‌పేట్ సందుల్లోంచి బయటపడి, స్టేషన్ ముందు బస్సుల మధ్య నుంచి జారుకుని, మెట్టుగూడ, లాలాగూడ దాటి మౌలాలి ఫ్లైఓవర్ ఎక్కేసరికి ఒళ్లంతా మేలుకునేది. "మోటరుబండి కొనుక్కోవయ్యా, ఈ తిప్పలేంది" అని ల్యాబులో అందరూ ఆటపట్టించేవారు. నవ్వి ఊరుకునేవాడు. రోడ్డు ఎక్కడ వాలిందో, ఎక్కడ లేచిందో తొడలకు తెలుస్తుందని, ఆ తెలియడమే తనకు సంతోషమని ఎవరికి చెప్తాడు? ఒక్క రోనాల్డ్‌కు చెప్పక్కర్లేదు. మిషన్ స్కూల్లో ఫిజిక్స్ చెప్పే రోనాల్డ్ దగ్గరా అలాంటి బండే ఉంది, ఈ పిచ్చి అంటించిందే అతను.

యుగంధర్ తండ్రి భద్రయ్యకు డెబ్భై నాలుగు. బన్సీలాల్‌పేట్‌లో ఒకప్పుడు గంటకింత అని కిరాయికి సైకిళ్లిచ్చే షాపు ఆయనదే. ఆ చుట్టుపక్కల యాభై దాటిన వాళ్లలో సగం మంది ఆయన సైకిళ్ల మీదే మోకాళ్లు చెక్కుకుని తొక్కడం నేర్చుకున్నారు. కిరాయిలు పోయాక రిపేర్లు చేశాడు. డెబ్భై దాటాక చేతులు వణకడం మొదలైంది. ఒక మధ్యాహ్నం ఎవరో పిల్లాడి సైకిల్‌కు వాల్వు ఎక్కించలేక నాలుగుసార్లు కింద పడేసుకున్నాడట. ఆ సాయంత్రమే షాపు మూసి, పానాల డబ్బా ఇంటికి తెచ్చి మంచం కింద తోసేశాడు. ఆనాటి నుంచి మొదటి అంతస్తు వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా పక్కింటి గోడ.

కొడుకు బండిని మొదటిసారి చూసినప్పుడు ఆయన వెనక చక్రం ఎత్తి ఒక్క తిప్పు తిప్పి, చెవి పెట్టి విన్నాడు. "కూత లేదు, బ్రేకు లేదు. గిదేం బండిరా? ముందుకన్న ఒక బ్రేకు ఏపియ్యి" అన్నాడు. ఆ మాట ఎనిమిదేళ్లలో ఎనభైసార్లు అని ఉంటాడు. యుగంధర్ చెవిన పెట్టలేదు.

సైకిల్‌ను మామ చేతికి ఇమ్మన్నది కోడలు రజిత. ఆమె మోండా మార్కెట్ దగ్గర మందుల దుకాణంలో పనిచేస్తుంది. మాట కరుకు, మనసు వెన్న. "మామ పొద్దుగాల నుంచి పొద్దుమీకిందాక ఆ గోడను చూస్కుంట కూసుంటుంటే నాకు పానం కొట్టుకుంటుంది. నీ సైకిలన్న ఇయ్యరాదు జెర. తుడుస్తడు, నూనె ఏస్తడు" అంది.

ఇచ్చాడు. ప్రతి ఆదివారం సాయంత్రం మెట్ల కింద గోనెసంచి పరిచి, డబ్బా తెరిచి, భద్రయ్య పని షురూ చేసేవాడు. ఆ రోజు పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. ఖాళీగా ఉంటే వణికే చేయి, పానా పట్టుకుంటే నిలకడగా ఉండేది. చూసిన రజిత కొంగుతో కళ్లొత్తుకుంది. "ఎనక రింగు మాత్రం నేనే చూస్కుంట బాపూ" అని మొదటిరోజే చెప్పాడు యుగంధర్. "ఎందుకు, నాకు రాదా?" అన్నాడు ముసలాయన. యుగంధర్ మాట మార్చేశాడు. యాభై ఏళ్లు మరలు తిప్పిన మనిషికి ఏ మర ఎటు తిరుగుతుందో చెప్పడానికి నోరు రాలేదు.

నాలుగు నెలలు బాగానే గడిచింది. జులైలో ఒక ఆదివారం వసారాలో టీ తాగుతుంటే మెట్ల కింద నుంచి సుత్తె చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. ఉలి ఆనించి కొడుతున్నాడు. ఆ బండి మీద ఉలి పెట్టి కొట్టాల్సిన చోటు ఒక్కటే. యుగంధర్ గ్లాసు కింద పెట్టి సగం లేచాడు కూడా. అంతలోనే, ఎడమ పెడల్‌కు ఉల్టా మర ఉంటుందని చిన్నప్పుడు తనకు నేర్పింది ఆయనే కదా, ఆయనకు తెలియకుండా ఉంటుందా అనుకున్నాడు. మళ్లీ కూర్చుని టీ తాగాడు. ఆ సగం లేవడం గురించే తర్వాత ఎన్నివందలసార్లు తలుచుకున్నాడో లెక్క లేదు.

భద్రయ్య చేతులు తుడుచుకుంటూ పైకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఆ రింగు జెర లూజుండెరా. గట్టిగ కొట్టిన. ఇగ ఫికర్ లేదు" అన్నాడు. ఆ ముఖం ముందు కిందికి పోయి మళ్లీ పానా పెట్టి చూడటం కొడుకు వల్ల కాలేదు. తెల్లారి వెళ్లేముందు చూసుకుందామనుకున్నాడు. తెల్లారితే, ఎన్నడూ లేనిది, ముసలాయన గేటు దాకా దిగి వచ్చి నిలబడ్డాడు. తాను బాగుచేసిన బండి ఎలా పోతుందో చూసుకోవాలని. ఆయన కళ్ల ముందు ఎలా చూస్తాడు? ఎక్కి తొక్కుకుంటూ పోయాడు.

ముందుకు తొక్కినంతసేపూ పళ్లచక్రం బిగిసే ఉంటుంది, తేడా తెలియదు. మెట్టుగూడ సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు పెడల్ కింద చిన్నగా లటుక్కుమంది. చైను వదులయిందేమో అనుకున్నాడు. మౌలాలి ఫ్లైఓవర్ దిగుడులో, వాన తడి మీద, ముందున్న బస్సు ఒక్కసారిగా ఆగింది. బలమంతా పెట్టి కాళ్లు వెనక్కి బిగబట్టాడు. కాళ్లు గాలిలో తిరిగినట్టు ఉత్తగా వెనక్కి తిరిగిపోయాయి. బస్సును తప్పించి డివైడర్‌ను గుద్దాడు. కుడి మోకాలు రాతి అంచుకు తగిలింది. నలుగురూ వచ్చి లేపేలోగా, రోడ్డు మీద పడి ఉండగానే, ఏం జరిగిందో యుగంధర్‌కు అర్థమైపోయింది. నొప్పి కన్నా ముందు చెవుల్లో ఆ సుత్తె చప్పుడు మోగింది.

మోకాలిచిప్ప నాలుగు ముక్కలయింది. తీగలు వేసి కట్టారు. నడుస్తావు గానీ మోకాలు సగమే ముడుచుకుంటుంది, సైకిల్ మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. విరిగిన బండిని ఆ మధ్యాహ్నమే రోనాల్డ్ ట్రాలీ ఆటోలో వేసుకెళ్లి ఇంటి మెట్ల కింద పెట్టి వచ్చాడు. "ఎట్ల పడ్డవ్ బ్రదర్? నువ్వు పడే మనిషివి కాదు" అని రోనాల్డ్ అడిగితే, "కుక్క అడ్డమొచ్చింది" అన్నాడు. నోటికి ఏది ముందొస్తే అది.

మరునాడు సాయంత్రం భద్రయ్య ఆసుపత్రికి వచ్చాడు. మంచం పక్కన నిలబడి, కట్టు కట్టిన కాలును చాలాసేపు చూశాడు.

"ఎట్లాయెరా?"

"కుక్క అడ్డమొచ్చింది బాపూ."

ముసలాయన దుప్పటి లాగి ఆ కాలి మీద కప్పాడు. "ఏ రంగుది?" అని అడిగాడు.

"నల్లది. బ్రేకు ఉంటే ఆగేటోన్నే. నువ్వు చెప్తనే ఉంటివి, నేనే ఇనలే. నాదే తప్పు."

అందులో అబద్ధం సగమే. బ్రేకు లేకపోవడం తన తప్పే, అది వెయ్యిసార్లు ఒప్పుకుంటాడు. మిగతా సగం మాత్రం ఆయనకు తెలియకూడదు. కొడుకు కాలు తన చేత్తోనే పోయిందని తెలిస్తే ఆ మనిషి బతకడు. కాలు ఎలాగూ పోయింది, ఆ ఒక్కటి దాచగలిగితే చాలు. ఆసుపత్రిలో ఉన్న పదకొండు రోజులూ యుగంధర్ అనుకున్నది అదే. ఇంటికి పోయాక ఎవరి కంటా పడకుండా ఒక్కసారి కిందికి దిగాలి, వదులైన ఆ రింగును సరిగ్గా బిగించేయాలి. అంతవరకు ఆయన బండి ముట్టకుండా చూడాలి.

ఇంటికి వచ్చాక మెట్లు దిగడమే గగనమైంది. వసారాలో ఇప్పుడు రెండు కుర్చీలు. తండ్రీకొడుకులిద్దరూ పక్కింటి గోడను చూస్తూ కూర్చునేవారు. ఆదివారం వచ్చిందంటే యుగంధర్‌కు చూపంతా మెట్ల మీదే, ఈయన డబ్బా తీసుకుని దిగుతాడేమోనని. భద్రయ్య దిగలేదు. డబ్బా బయటికి తీయనే లేదు. "చేతులు మల్ల వణుకుతున్నయ్. ఇగ నాతోని కాదు" అన్నాడు ఒకసారి, ఎవరూ అడగకుండానే. గండం గడిచిందని యుగంధర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

మధ్యలో నలిగినవి కుక్కలు. కుక్క అడ్డం రావడం వల్లనే మొగుడు మంచాన పడ్డాడని నమ్మిన రజిత, కుక్క కనిపిస్తే ఒంటికాలి మీద లేచేది. సందులో ఒక నల్లకుక్క ఉంది, ముసలిది, ఒక చెవి తెగింది. మౌలాలి ఎక్కడ, ఈ కుక్క ఎక్కడ. అయినా చీపురు దాని మీదికే లేచేది. విచిత్రం ఏమిటంటే, భద్రయ్య దానికి బిస్కెట్లు పెట్టడం మొదలుపెట్టాడు. వెనకటి రోజుల్లో షాపు ముందు కుక్క పడుకుంటే నీళ్లు చల్లి తరిమిన మనిషి. రజిత దుకాణానికి వెళ్లగానే గేటు దాకా దిగి, పొట్లం విప్పి, ఒక్కొక్కటే తుంచి పెట్టేవాడు. "గిదేంది బాపూ, కొత్తగ?" అని అడిగితే, "ముసల్ది రా, ఎవ్వలు పెడ్తరు దానికి" అన్నాడు. యుగంధర్ దాని గురించి మరీ ఆలోచించలేదు.

నవంబరులో ఒక పొద్దున సందులోకి కుక్కల బండి వచ్చింది. రజితే ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చిందట. ఆమె అప్పటికే పనికి వెళ్లిపోయింది. ఇద్దరు మనుషులు వల పట్టుకుని నల్లకుక్క వైపు వస్తుంటే, వసారాలో కుర్చీ ఖాళీ అయింది. డెబ్భై నాలుగేళ్ల భద్రయ్య చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి, పోయి ఆ కుక్క పక్కన మట్టిలో కూలబడి దాని మెడ చుట్టూ చేయి వేశాడు.

"తీస్కపోకుండ్రి. ఇది ఏం చెయ్యలే" అన్నాడు.

"కరుస్తదని కంప్లైంట్ ఉన్నది పెద్దాయనా. సూది ఏసి మల్ల ఈడనే ఇడుస్తం."

"దాని మీద ఎవ్వలు ఏం చెప్పినా అబద్ధమే. నాకు తెల్సు. కుక్క ఏం చెయ్యలే. ఏ కుక్క సుత ఏం చెయ్యలే." వాళ్లు ముఖాలు చూసుకుని, ఈయనతో ఎందుకులే అని వల చుట్టుకుని వెళ్లిపోయారు.

పైన కటకటాలు పట్టుకుని నిలబడిన యుగంధర్‌కు ఆ మాట వినిపించింది. ఏ కుక్కా ఏమీ చేయలేదని ఈయనకెలా తెలుసు? చేతికర్ర తీసుకున్నాడు. ఒక్కో మెట్టూ కుడికాలు ఈడుస్తూ, గోడ పట్టుకుని దిగాడు. జేబులో రింగు బిగించే కొక్కెం పానా ఉంది, నెల రోజులుగా అదను కోసం దాన్ని జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. మెట్ల కింద సైకిల్ మీద కప్పిన పాత దుప్పటి తీశాడు. ముందు చక్రం వంకరపోయి, దుమ్ము పట్టి ఉంది. వెనక చక్రం దగ్గర వంగి రింగు మీద పానా పెట్టి ఎడమకు లాగాడు.

కదల్లేదు. రింగు బిగిసే ఉంది.

సెల్‌ఫోన్ లైటు వేసి చూశాడు. రింగు అంచున పానా పట్టే గాడికి ఒక పక్క ఉలి దెబ్బలు, జులై నాటివి, తుప్పు పట్టాయి. గాడికి రెండో పక్క ఇంకో వరస దెబ్బలు ఉన్నాయి. ఇవి ఎడమకు కొట్టినవి. వణికే చేత్తో కొట్టినవని చూడగానే తెలుస్తుంది, సగం దెబ్బలు గురి తప్పి పళ్లచక్రం మీద పడ్డాయి. వాటికీ తుప్పు పట్టింది. నిన్నా మొన్నా కొట్టినవి కావు.

వెనక అలికిడయింది. భద్రయ్య వచ్చి కింది మెట్టు మీద కూర్చున్నాడు. లుంగీకి మట్టి, పాదాలకు మట్టి.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన."

"రోనాల్డు తెచ్చి పెట్టిపోయిన పొద్దే చూసిన నేను. రింగు లూజయ్యుండె. బిగిద్దామని కుడికి కొట్టిన. ఊడి చేతిలకొచ్చింది." ఆయన తన కుడి అరచేయి తెరిచి చూసుకున్నాడు, రింగు ఇంకా అందులోనే ఉన్నట్టు. "అప్పుడు సమజైంది. మల్ల ఎడమకు పెట్టి బిగించిన. నువ్వు ఇంటికొచ్చి చూస్తే నీకు తెలుస్తదని. మా బాపే నా కాలు తీసిండని నీకు ఎప్పటికీ తెల్వొద్దనుకున్న. తెల్లారి నీ దగ్గరికొస్తే, నువ్వేమో కుక్క అంటివి."

నాలుగు నెలలు. ఆయనకు తెలియకూడదని తనూ, తనకు తెలియకూడదని ఆయనా, రెండు కుర్చీల్లో పక్కపక్కన కూర్చుని గోడను చూశారు. యుగంధర్‌ ఏడుపు ఆపుకోలేదు. మోకాలు వంగదు కాబట్టి తండ్రి పక్కన కూర్చోనూ లేకపోయాడు, కర్ర మీద ఆనుకుని అలాగే నిలబడి ఏడ్చాడు.

"నేను చెప్పాల్సింది బాపూ. ఉల్టా మర అని ఒక్క మాట చెప్పాల్సింది. సుత్తె సప్పుడు ఇన్న నేను. ఇని సుత దిగలే."

"చెప్తే నాకు కోపమొస్తదని చెప్పలే నువ్వు. నాకు తెల్సు. వస్తుండె కూడ." భద్రయ్య ముక్కు చీది లుంగీతో తుడుచుకున్నాడు. గేటు అవతల నల్లకుక్క తోక ఊపుతూ, బిస్కెట్ పొట్లం ఇంకా రాలేదేమిటా అన్నట్టు చూస్తోంది.

"రజితకు మాత్రం చెప్పకురా" అన్నాడు. "నాకు సైకిల్ ఇయ్యమని నీకు చెప్పింది ఆ పిల్లనే. తెలిస్తే అన్నం ముట్టదు. కుక్కనే అనుకోనియ్యి."

సాయంత్రం రజిత వచ్చింది. కుక్క ఇంకా గేటు దగ్గరే ఉండటం చూసి చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది. "బండి రాలేదా? రేపు మల్ల ఫోన్ చేస్త. నా మొగని కాలు పోయింది, ఇంకెవని కాలు పోవాలె?" అంటూ గుమ్మంలోకి వచ్చి, రెండు కుర్చీల్లో ఉన్న ఇద్దరినీ చూసి ఆగింది. ఇద్దరి కళ్లూ ఉబ్బి ఉన్నాయి.

"ఏమైంది? ఏం మాట్లాడుకుంటున్రు?"

యుగంధర్ జేబులోని పానాను చేత్తో కప్పుకున్నాడు.

"కుక్క గురించే బిడ్డా" అన్నాడు భద్రయ్య. "ఫోన్ చెయ్యకు. ముసల్ది, దాన్ని ఈడనే ఉండనియ్యి. దాన్ని నేను చూస్కుంట."

రజిత ఇంకేదో అనబోయి, మామ చేయి చూసింది. కుర్చీ చేతి మీద ఆ చేయి ఎన్నడూ లేనంతగా వణుకుతోంది. కొడుకు తన చేయి చాపి దాని మీద పెట్టి, అదిమి పట్టుకున్నాడు. ఆమె లోపలికి వెళ్లి టీకి నీళ్లు పెట్టింది.